ఆ డిష్ ఎవరి బాధ్యతో కాగితం మీద రాయండి

సముద్రంలో చమురు, గ్యాసు తీసే కంపెనీల యాజమాన్యాలకు, వారికి రిగ్గులు అద్దెకిచ్చే కాంట్రాక్టర్లకు, రిగ్గుల మీద టీవీ కనెక్షన్లు పెట్టే సంస్థలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నాది ఒడిశాలోని గంజాం జిల్లా, గోపాల్‌పూర్. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజారులో ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోంచి ఇటు కలిసింది, ఊరితో పాటు మా తాతలూ కలిశారు. నాన్నది చేపల వేట. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, కాంట్రాక్టరు మనిషిగా సముద్రంలో చమురు బావులు తవ్వే రిగ్గుల మీద పంతొమ్మిదేళ్లు పనిచేశాను. మొదట్లో కొన్నాళ్లు ముంబై వైపు, తర్వాతంతా కాకినాడ ముందు సముద్రంలో. మోకాళ్లు నిచ్చెనలకు ఒప్పుకోక మానేశాను. ఇప్పుడు బరంపురంలో చిన్న షాపు ఉంది. టీవీలు రిపేరు చేస్తాను, డిష్‌లు బిగిస్తాను. టీవీ ముందు కూర్చుని ఎదురుచూడటమూ తెలుసు, డిష్ వెనక స్పానరు పట్టుకుని నిలబడటమూ తెలుసు. ఆ రెండు అనుభవాలతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అక్క కొడుకు ఒక రిగ్గు మీద గ్యాలీలో, అంటే వంటగదిలో పనిచేస్తాడు. మొన్నొక రాత్రి వైఫై కాస్త ఖాళీ దొరికినప్పుడు ఫోన్ చేసి, "మావయ్యా, టీవీ ఆగిపోయి పదకొండు రోజులైంది. నువ్వైతే ముందు ఏం చూస్తావు?" అని అడిగాడు. తెర మీద ఏం రాసుందో చదవమన్నాను. ప్యాకు గడువు అయిపోయింది, రీచార్జి చేసుకోమని ఉంది. అంతే. డిష్ బాగుంది, కేబులు బాగుంది, బాక్సు బాగుంది. డబ్బు కట్టలేదు. ఎవరు కట్టాలో అక్కడ ఎవరికీ తెలియదు. రేడియో ఆపరేటర్ని అడిగితే అది క్యాటరింగ్ వాళ్ల పని అన్నాడట. క్యాటరింగ్ వాళ్ల పెద్ద క్యాంప్ బాస్‌ని అడిగితే, తమ కాంట్రాక్టులో వంట, బట్టలు ఉతకడం, గదులు శుభ్రం చేయడం ఉన్నాయి గానీ టీవీ లేదన్నాడట. రిగ్గు ఆఫీసు వాళ్లు ఒడ్డున ఉన్న ఆఫీసుకి మెయిల్ పెట్టామన్నారు. ఒడ్డు వాళ్లు వెల్ఫేర్ సెక్షన్‌కి పంపామన్నారు. ఎనభై తొంభై మంది పదకొండు రోజులు నల్లటి తెర ముందు అన్నం తిన్నారు.

రిగ్గు మీద ప్రతి వస్తువుకీ ఒక మనిషి ఉంటాడు. క్రేనుకి క్రేన్ ఆపరేటరు, జనరేటరుకి ఎలక్ట్రీషియన్, లైఫ్‌బోటుకి ఫలానా వాడని గోడ మీద పేరు రాసి ఉంటుంది. టీవీ డిష్‌కి మాత్రం ఎవరూ ఉండరు. నేను పనిచేసిన అన్ని రిగ్గుల మీదా అదే చూశాను. అది పనిచేసినన్నాళ్లూ దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆగిపోయిన రోజున తెలిసిన వాడెవడైనా తన తీరిక వేళలో, ఇష్టపూర్వకంగా పైకెక్కాలి. చాలాసార్లు ఆ ఎక్కినవాణ్ని నేనే.

టీవీయే కదా అని మీరు అనుకోవచ్చు. అందుకే 2013 అక్టోబరు గురించి మీకు చెప్పాలి.

మా గంజాం వాళ్లకు అక్టోబరు అంటేనే గుండెలో దడ. 1999లో ఆ ఒక్క నెలలోనే రెండు తుఫాన్లు వచ్చాయి. మొదటిది మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. రెండోది, అందరూ సూపర్ సైక్లోన్ అనేది, పారాదీప్ వైపు కొట్టి దాదాపు పది వేల మందిని తీసుకుపోయింది. కనుక 2013లో ఫైలిన్ మా ఊరి మీదికే వస్తోందని తెలిసినప్పుడు, రిగ్గు మీద ఉన్న గంజాం, శ్రీకాకుళం వాళ్లం తొమ్మిది మందిమీ మాటలు తగ్గించేశాం. నేను కాకినాడ ముందు ఒక జాకప్ రిగ్గు మీద, అంటే సముద్రం అడుగుకి కాళ్లు దించి నిలబడే రిగ్గు మీద ఉన్నాను. గురువారం, శుక్రవారం టీవీ పనిచేసింది. పడవలు ఒడ్డుకు లాగడం, జనాన్ని బస్సులెక్కించడం కనబడింది. శనివారం, అక్టోబరు 12, దుర్గాష్టమి. మధ్యాహ్నం నుంచి గాలి పెరిగింది. నాలుగు గంటలప్పుడు తెర మీద "నో సిగ్నల్" అని వచ్చింది. అది అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి పదిన్నర ప్రాంతంలో తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లకు పైనే. ఈ మాట నాకెలా తెలిసిందంటే, రేడియో గదికి వచ్చే వాతావరణ బులెటిన్ కాగితం చదివి ఆపరేటరు చెప్పాడు. అందులో అక్షాంశం, రేఖాంశం, గాలి, అల ఎత్తు ఉన్నాయి. రిగ్గు పనికి కావలసినవన్నీ ఉన్నాయి. మా ఇల్లు ఉందా లేదా అన్నది అందులో ఉండదు కదా. ఆఫీసు శాటిలైట్ ఫోను ఒకటుంది. తలా రెండు నిమిషాలు ఇచ్చారు, కాదనలేను. కానీ అవతల గోపాల్‌పూర్‌లో కరెంటు లేదు, టవర్లు లేవు, ఎవరి నంబరూ మోగలేదు. ఆదివారమంతా అదే పరిస్థితి. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, పడుకోకుండా ఆ నల్లటి తెర ముందే కూర్చున్నాం. మాలో ఒకడికి భార్య నెలలు నిండి ఉంది. వాడు ఆ రెండు రోజులూ ఏమీ తినలేదు.

సోమవారం గాలి తగ్గాక వర్క్ పర్మిట్ రాయించుకుని పైకెక్కాను. డిష్ వెనక బిగించే బోల్టుల్లో ఒకటి ఉప్పుగాలికి తుప్పు పట్టి తెగిపోయింది. డిష్ నాలుగు వేళ్ల వెడల్పు పక్కకు తిరిగిపోయింది. స్టోరులో ఉన్న స్టీలు బోల్టు వేసి, తిప్పి సిగ్నల్ పట్టేసరికి నలభై నిమిషాలైంది. నలభై నిమిషాల పని కోసం, ఒక్క బోల్టు కోసం, తొమ్మిది మంది రెండు రోజుల పాటు తమ పిల్లలు బతికున్నారో లేదో తెలియకుండా గడిపారు. డ్రిల్ ఫ్లోర్ మీద బరువులు ఎత్తే పని, అధిక పీడనపు పైపుల పక్కన నిలబడే పని ఆ మనసుతో చేశారు. ఆ రోజుల్లో ఎవరి చెయ్యీ నలగలేదంటే అది మా అదృష్టం.

బొమ్మ వచ్చాక కూడా ఇంకో గంట పట్టింది మాకు ఊరు కనబడటానికి. తెలుగు చానళ్లు పెడితే శ్రీకాకుళం చూపిస్తున్నాయి. ఇచ్ఛాపురం దాకా వచ్చి ఆగిపోతున్నాయి. ఆ తర్వాతది వాళ్ల రాష్ట్రం కాదు కదా. ఒడియా చానల్ పెడదామంటే మా ప్యాకులో ఒక్కటీ లేదు. చివరికి ఒక హిందీ చానల్లో విలేకరి మా బీచి రోడ్డు మీద నిలబడి మాట్లాడుతున్నాడు. అతను ఏం చెప్పాడో గుర్తు లేదు. అతని వెనక లైట్‌హౌస్ నిలబడే ఉంది. దాదాపు పది లక్షల మందిని ప్రభుత్వం ముందే సురక్షితమైన చోట్లకు చేర్చిందని, ప్రాణనష్టం చాలా తక్కువని కింద అక్షరాలు వెళ్తున్నాయి. మాలో ఒకడు గట్టిగా ఏడ్చేశాడు. ఇంటి వాళ్ల గొంతు వినడానికి ఇంకా మూడు రోజులు పట్టింది గానీ, ఆ అక్షరాలు చదివాక మేం నిద్రపోగలిగాం.

ఆ తర్వాతి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఊళ్లు పోయాయి. అటు గజపతి, ఇటు గంజాం, కింద శ్రీకాకుళం. రిగ్గుల మీద రౌస్టబౌట్లుగా (డెక్కు మీద బరువు పనులు చేసేవాళ్లు), వెల్డర్లుగా, పెయింటర్లుగా, వంటవాళ్లుగా మీకు దొరికే మనుషుల్లో చాలామంది ఈ మూడు జిల్లాల నుంచి వస్తారు. ముంబై వైపు పనికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కాకినాడ వైపు పనికి రాజమండ్రిలో దిగి వస్తారు. కృష్ణా-గోదావరి సముద్రంలో 2009 ఏప్రిల్‌లో డీ6 బ్లాకు నుంచి గ్యాసు మొదలైంది, 2024 జనవరిలో 98/2 బ్లాకు నుంచి నూనె మొదలైంది. పని పెరిగేకొద్దీ మావాళ్లు ఇంకా వస్తారు. కాబట్టి ఇది నా పాత కథగా చదవొద్దని మనవి.

ఇక డిష్ సంగతి. సముద్రం మీద టీవీ నిలకడగా రాదు, ఏం చేయలేం అని చాలామంది అధికారులు నాతో అన్నారు. అది సరికాదు. ఎందుకు ఆగుతుందో తెలిస్తే ఎలా నిలబెట్టాలో తెలుస్తుంది.

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, మనకు కదలనట్టు కనబడుతూ ఉంటాయి. కాకినాడ ముందు సముద్రం నుంచి చూస్తే 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న ఉపగ్రహం దాదాపు సూటిగా దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఫ్రీ డిష్ చానళ్లు వచ్చే జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల దగ్గర. అది కొంచెం తూర్పుకు వాలి ఉంటుంది. అంత ఎత్తున ఉండటం మనకు మంచిదే, చుట్టూ ఉన్న సామాను చాలావరకు అడ్డం రాదు. కానీ డిష్ ఒకటి రెండు డిగ్రీలు పక్కకు పోయినా బొమ్మ ముక్కలవుతుంది, ఇంకొంచెం పోతే పూర్తిగా పోతుంది.

నేలలో దిగేసిన స్థిరమైన ప్లాట్‌ఫాం మీద డిష్ పెట్టడం దాదాపు మేడ మీద పెట్టినట్టే. దానికి మంచి స్టీలు స్టాండు, మూడు నెలలకోసారి చూసే మనిషి ఉంటే చాలు. జాకప్ రిగ్గు సంగతి వేరు. ఒక బావి పని అయ్యాక కాళ్లు పైకి తీసుకుని, టగ్గు పడవలు లాక్కుపోయి, ఇంకో చోట కాళ్లు దించుతారు. అక్కడ రిగ్గు ముఖం వేరే దిక్కుకు ఉంటుంది. నిన్నటిదాకా దక్షిణానికి చూసిన డిష్ ఇవాళ పడమటికి చూస్తుంది. రిగ్ మూవ్ తర్వాత చేయాల్సిన పనుల పట్టిక పేజీలకు పేజీలు ఉంటుంది, నేనే ఎన్నోసార్లు టిక్కులు పెట్టాను. అందులో డిష్ మళ్లీ తిప్పుకోవడం అన్న ఒక్క లైను ఏ రిగ్గు పట్టికలోనూ చూడలేదు. అందుకే ప్రతి మూవ్ తర్వాతా వారం, పది రోజులు టీవీ ఉండదు. ఆ ఒక్క లైను చేర్చడానికి మీకు ఖర్చేమీ లేదు.

డ్రిల్‌షిప్పులు, నూనె నిలవచేసే తేలే నౌకలు అసలు నిలకడగా ఉండవు. అలకు ఊగుతాయి. కొన్ని నౌకలు గాలివాటానికి తమ లంగరు చుట్టూ తిరుగుతూ ఉంటాయి. వీటి మీద మామూలు డిష్ పనికిరాదు. గైరో ఉండి, ఊగేకొద్దీ తనే సర్దుకుంటూ ఉపగ్రహాన్ని వదలకుండా పట్టుకునే యాంటెన్నా కావాలి. తెల్లటి గుమ్మటంలో మూసి ఉంటుంది. చాలా నౌకల మీద అది ఉంది కూడా. ఉన్నది ఒక్కటే కావడం వల్ల వస్తుంది ఇబ్బంది. నౌక తిరిగినప్పుడు ఆ గుమ్మటానికీ ఉపగ్రహానికీ మధ్య డెరిక్కో (డ్రిల్లింగ్ టవరు), క్రేను చెయ్యో వస్తుంది. గంటల తరబడి బొమ్మ ఉండదు, నౌక మళ్లీ తిరిగితే వస్తుంది. చూసేవాళ్లకి కారణం తెలియక బాక్సును ఆపి, పెట్టి, కొట్టి పాడు చేస్తారు. నౌకకు అటొకటి ఇటొకటి రెండు యాంటెన్నాలు పెట్టి, ఏది బాగా పట్టుకుంటే దాన్నే వాడుకునే స్విచ్ పెడితే ఆ నీడ బాధ తీరుతుంది. ఇంటర్నెట్ యాంటెన్నాలకు మీరు ఇప్పటికే చాలా నౌకల మీద అలాగే చేస్తున్నారు. టీవీకి చేయరు.

వాన గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తుఫాను రోజున టీవీ ఎక్కువ కావాలి, ఆ రోజే పోతుంది. ఇళ్లకు వచ్చే డిష్ టీవీ కేయూ బ్యాండులో వస్తుంది. దాని తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్ల చిల్లర. జోరువానలో చినుకులు ఆ సిగ్నల్‌ని మింగేస్తాయి. సీ బ్యాండు తరంగం దానికి మూడింతల పొడవు, వానకు అంతగా లొంగదు, కానీ దానికి పెద్ద డిష్ కావాలి. స్థిరమైన ప్లాట్‌ఫాంల మీద స్థలం ఉంటే అది పెట్టడం మంచిది. లేదంటే కనీసం ఇళ్ల మీద పెట్టే 60 సెంటీమీటర్ల డిష్ బదులు 1.2 మీటర్లది పెట్టండి. వెడల్పు రెండింతలైతే అది పట్టే సిగ్నల్ నాలుగింతలవుతుంది. మామూలు వానలకు బొమ్మ చెక్కుచెదరదు. ఫైలిన్ లాంటి దాని నడిబొడ్డున ఉంటే ఏ సిగ్నలూ నిలవదు, ఒప్పుకుంటాను. కానీ వాన వెలిసిన అరగంటకు టీవీ దానంతటదే తిరిగి రావాలి. రెండు రోజుల తర్వాత ఒక ఎలక్ట్రీషియన్ ఎక్కితే రావడం కాదు. మార్చి, అక్టోబరు ప్రాంతాల్లో సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చి కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. దాని కోసం ఎవరినీ తప్పుపట్టక్కర్లేదు, గోడ మీద ఒక నోటీసు అంటిస్తే చాలు.

ఉప్పు గురించి ఒక మాట. బరంపురంలో నేను బిగించిన డిష్ కనెక్టరు ఏళ్లకేళ్లు ఉంటుంది. రిగ్గు మీద అదే కనెక్టరు ఆరు నెలల్లో పచ్చగా చిలుము పడుతుంది. కేబులు లోపలికి నీరు దిగితే బయటికి ఏమీ కనబడదు, బొమ్మ మాత్రం రోజుకింత పాడవుతుంది. డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ, కనెక్టర్లు, రెండు చుట్టల కేబులు, నీరు పోకుండా చుట్టే టేపు, ఒక బాక్సు. ఇవి రిగ్గు స్టోరులో ఒక చిన్న అట్టపెట్టెలో పడతాయి. నేను ఉన్న రోజుల్లో ఇంటికి వెళ్లి వచ్చేటప్పుడు నా బ్యాగులో నేనే కొని తెచ్చేవాణ్ని.

ఇప్పుడు భాష గురించి. ప్యాకు ఎంచుకునేది ఒడ్డున ఆఫీసులో కూర్చున్న ఎవరో. హిందీ వార్తలు, ఇంగ్లిషు సినిమాలు, స్పోర్ట్స్ ఉంటాయి. ఒక్కోసారి తెలుగు ఒకటో రెండో ఉంటాయి. ఒడియా దాదాపు ఉండదు. సరిహద్దు మనిషి అవసరం మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, మా ఊరి తుఫాను ఒడియా చానల్లో వస్తుంది, మా ఇంట్లో చూసే సీరియల్ తెలుగు చానల్లో వస్తుంది. మా పిల్లల పరీక్షా ఫలితాలు ఒడియాలో, మా అక్కచెల్లెళ్లు ఇచ్చిన ఊళ్ల సంగతులు తెలుగులో. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. ఊరంతా నెల రోజుల పాటు వేషాలతో, వెలుగులతో నిండిపోతుంది. ఇంటికి పోలేని ఏడాది, రిగ్గు మెస్సులో ఎవరైనా ఆ వీధులు ఒక్క పావుగంట చూపిస్తే ఆ మనిషి ముఖం చూడాలి మీరు. ఒడియా రాని తెలుగు వాళ్లు కూడా మాతో పాటు కూర్చుని చూసేవారు.

ప్యాకు ఎంచుకునే ముందు సిబ్బంది పేర్ల పట్టిక చూడండి. అందులో ప్రతి మనిషి ఊరూ, జిల్లా రాసి ఉంటుంది. వంటగదిలో ఎవరికి ఏ తిండి అన్నది ఆ పట్టిక చూసే నిర్ణయిస్తారు, తెలుగు వాళ్లు ఎక్కువుంటే పప్పుచారు, బెంగాలీలు ఎక్కువుంటే చేప. చానళ్లకూ అంతే. తెలుగు, ఒడియా, బెంగాలీ, మలయాళం, మరాఠీ వార్తలు ఒక్కొక్కటైనా ఉండాలి.

ఒక బాక్సు, ఒక రిమోటు ఉన్న చోట ఇంకో బాధ. ఆ బాక్సు ఆఫీసర్ల గదిలోనో, రేడియో గదిలోనో ఉంటుంది, అక్కడ ఏ చానల్ పెడితే మెస్సులోనూ, రిక్రియేషన్ గదిలోనూ అదే వస్తుంది. రాత్రంతా పన్నెండు గంటల షిఫ్ట్ చేసి తెల్లవారి వచ్చిన మనిషికి ఏం కావాలన్నది ఎవరూ అడగరు. పైగా చాలా చోట్ల అది ఎవరో ఇంటి పేరు మీద తీసుకున్న కనెక్షను. ఇంటి కనెక్షను ఇంటికే. వంద మంది ఉండే చోటుకి, హోటళ్లకు ఇచ్చినట్టు, కమర్షియల్ కనెక్షను తీసుకోవాలి. అలా తీసుకుంటే, ఒక్క డిష్ నుంచి మల్టీస్విచ్ పెట్టి అన్ని గదులకూ వేర్వేరు చానళ్లు పంచవచ్చు. ఇది కొత్త విద్య కాదు, బరంపురంలో లాడ్జీల్లో నేనే చేస్తున్నాను.

ఫోన్లు వచ్చాక ఇంకా టీవీ ఎందుకని నన్ను చాలామంది అడిగారు. విమానాల్లో, ఓడల్లో ఇంటర్నెట్ ఇవ్వడానికి 2018 డిసెంబరులో కేంద్రం నియమాలు తెచ్చింది, చాలా రిగ్గుల మీద ఇప్పుడు వైఫై ఉంది. దానికి సంతోషమే. మా మేనల్లుడు ఇంటికి ఫోన్ చేసుకోగలుగుతున్నది దాని వల్లే. కానీ రిగ్గు ఇంటర్నెట్ ఒక సన్నటి గొట్టం లాంటిది. ముందు కంపెనీ పని, డ్రిల్లింగ్ లెక్కలు పోవాలి, మిగిలింది వంద మంది పంచుకోవాలి. అందులో పదిమంది వీడియో చూస్తే మిగతావాళ్లకి మెసేజి కూడా పోదు. టీవీ అలా కాదు. ఆకాశం నుంచి ఎలాగూ పడుతున్న సిగ్నల్‌ని పట్టుకోవడమే. ఒకరు చూసినా వంద మంది చూసినా గొట్టం మీద బరువు పడదు. వంద మందినీ టీవీ వైపు మళ్లిస్తే, ఇంటర్నెట్ ఇంటికి ఫోన్ చేసుకునే వాడికి మిగులుతుంది. ఇంకొకటి కూడా ఉంది. ఫోను చేతిలో పట్టుకుని ఎవడి బంకులో వాడు గోడకు తిరిగి పడుకుంటాడు. టీవీ ముందు పదిమందీ కూర్చుంటారు. ఎవడు మౌనంగా ఉన్నాడో, ఎవడు మనసు బాగోలేక ఉన్నాడో పక్కవాడికి తెలుస్తుంది. 2013లో అన్నం తినని వాణ్ని మేం గమనించింది అక్కడే.

ఓడల మీద పనిచేసే వాళ్ల కోసం 2006లో సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉంది, 2015లో మన దేశం కూడా ఆమోదించింది. తీరిక వేళ సౌకర్యాల కింద టీవీ చూసే వీలు, రేడియో వినే వీలు ఉండాలని అందులోని మార్గదర్శకాల్లో రాసి ఉంది. 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చాయి, ఇంటితో మాట్లాడుకునే సౌకర్యం గురించి కూడా చేర్చారు. రిగ్గు ఓడ కిందికి వస్తుందా రాదా అని మీ లాయర్లు వాదించుకోవచ్చు. అల మీద ఇరవై ఎనిమిది రోజులుండే మనిషికి ఆ తేడా కనబడదు. మీ సొంత ఉద్యోగులు పద్నాలుగు రోజులు చేసి పద్నాలుగు రోజులు ఇంటికి పోతారు. కాంట్రాక్టు మనుషులు నెల, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంటారు. టీవీ ఎక్కువ అవసరమైంది వాళ్లకే, దాని గురించి నోరెత్తే ధైర్యం తక్కువ ఉన్నదీ వాళ్లకే.

కాబట్టి నేను అడిగేది ఇది. రిగ్గు అద్దెకు తీసుకునే కాంట్రాక్టులో టీవీకి ఒక పేజీ కేటాయించండి. వెల్ఫేర్ అన్న ఒక్క మాట కింద దాచేయకండి. నెలకు ఎన్ని గంటలకు మించి ఆగకూడదో అందులో అంకె రాయండి. మించితే జనరేటరు ఆగితే కోసినట్టే బిల్లులో కోయండి. కోత ఉన్న చోట శ్రద్ధ దానంతటదే వస్తుంది, నేను చూశాను. రీచార్జి ఒడ్డు ఆఫీసు ఖాతా నుంచి ఏడాదికోసారి ముందే జరిగిపోవాలి, రిగ్గు మీద ఎవరి ఫోను నుంచీ కాదు. ఎలక్ట్రీషియన్ పని పట్టికలో డిష్ చూడటాన్ని మూడు నెలలకోసారి చేయాల్సిన పనిగా చేర్చండి. ఆ పనికి వర్క్ పర్మిట్ అడిగితే అది పని కింద లెక్క కావాలి, తీరిక వేళ సరదాగా కాదు. ఎత్తు మీద చేసే పని అది, అలిసిపోయిన మనిషి స్నేహితుల బలవంతం మీద ఎక్కాల్సింది కాదు. ఒకసారి నా కాలు జారి బెల్టు మీద వేలాడాను. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

టీవీ కనెక్షన్లు ఇచ్చే సంస్థలకు ఒక మాట. మీ కాల్ సెంటరుకి రిగ్గు నుంచి ఫోన్ చేస్తే మొదట పిన్‌కోడు అడుగుతారు. సముద్రానికి పిన్‌కోడు లేదు. అక్కడితో ఫిర్యాదు ఆగిపోతుంది. రిగ్గులకు, నౌకలకు విడిగా ఒక నంబరు పెట్టండి. అది ఎత్తే మనిషికి గైరో యాంటెన్నా అంటే ఏమిటో తెలిసి ఉండాలి. మెకానిక్ హెలికాప్టరు ఎక్కాలంటే సముద్రంలో ప్రాణరక్షణ శిక్షణ, వైద్య పరీక్ష అయి ఉండాలి. అలాంటి వాళ్లని ఇద్దరు ముగ్గురినైనా కాకినాడలో, ముంబైలో సిద్ధంగా ఉంచుకోండి. ఆ శిక్షణ లేక, ఒడ్డున ఉన్న మంచి మెకానిక్ రిగ్గు మీదికి రాలేక నెల రోజులు టీవీ ఆగిన సందర్భం నాకు తెలుసు.

సెప్టెంబరులో కొత్త క్రూ ఎక్కుతుంది. అక్టోబరు, నవంబరు తుఫాను రోజులు మొత్తం వాళ్లు అక్కడే ఉంటారు. వాళ్లలో మా అక్క కొడుకు ఉంటాడు, వాడితో పాటు మా వీధి నుంచి ఇంకో ఇద్దరు. ఆ క్రూ చేంజ్‌కి ముందే మీ ప్రతి రిగ్గు మీదా ఒక మనిషిని పైకెక్కించి, డిష్ వెనక బోల్టులు చేత్తో తిప్పి చూడమని చెప్పండి. తుప్పు పట్టినవి మార్చమనండి. ప్యాకులో ఒడియా వార్తా చానల్ ఒకటి, తెలుగుది ఒకటి ఉన్నాయో లేదో చూడమనండి. రీచార్జి ఎప్పటిదాకా ఉందో రాసి, కింద బాధ్యుడి పేరు రాసి, మెస్సు గోడకు అంటించమనండి.

మీ రిగ్గు మీద ఎవరికైనా డిష్ తిప్పడం రాకపోతే బరంపురంలో నా షాపుకి పంపండి. నేర్పిస్తాను, డబ్బులు అక్కర్లేదు.

ఇట్లు,
గోపాల్‌పూర్ నుంచి ఒక మాజీ రిగ్గు ఎలక్ట్రీషియన్